సంచిలో పట్టే కంప్యూటరు: కొనేముందు ఆలోచించవలసిన సంగతులు

మిరప అమ్మకాలయ్యాక ఒక సాయంత్రం మా తమ్ముడు బోనకల్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఖమ్మం మార్కెట్ యార్డులో కాయ అమ్మగా వచ్చిన డబ్బుతో ఎరువుల బాకీ, కూలీల బాకీ తీర్చాడు. మిగిలిన 35 వేల రూపాయలను ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. "అన్నా, అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ల్యాప్‌టాప్ ఎవరిది వారే తెచ్చుకోవాలట. ఈ డబ్బు వృథా కాకుండా నువ్వే దగ్గరుండి కొనిపెట్టు" అన్నాడు.

వెంటనే సరే అనలేకపోయాను. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది. ఎనిమిదేండ్ల క్రితం మా అబ్బాయి కాలేజీలో చేరినప్పుడు, దుకాణంలో అన్నిటికన్నా పెద్దగా, మెరుస్తూ కనిపించిన 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌ను వాయిదాల మీద కొన్నాను. అది 2.3 కిలోలు, చార్జరు మరో అర కిలో. బ్యాటరీ రెండు గంటలు నిలిస్తే గొప్ప. వాడు రెండు నెలలు రైల్లో మోసి, తరువాత ఇంట్లోనే వదిలేసి వెళ్లడం మొదలుపెట్టాడు. పద్దెనిమిది నెలల వాయిదాలు మాత్రం నేను కట్టక తప్పలేదు. అది ఇప్పటికీ బల్ల మీద గుడ్డ కప్పుకొని కూర్చుంది.

ఆ పొరపాటు మరొకసారి జరగకూడదనుకున్నాను. చాలా ఇండ్లలో తల్లిదండ్రులు ఇదే ప్రశ్నతో సతమతమవుతున్నారు గనుక మేము తెలుసుకొన్న సంగతులను పాఠకులతో పంచుకుంటున్నాను.

ముందు పని, తరువాత వస్తువు

దుకాణానికి వెళ్లేముందు అమ్మాయిని కూర్చోబెట్టి, "తల్లీ, రోజంతా ఏమేమి చేస్తావో కాగితం మీద రాయి" అన్నాను. ఆమె రాసింది ఇది: పిల్లల ఎత్తు, బరువుల వివరాలు ఎక్సెల్‌లో ఎక్కించడం, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నివేదికలు తయారుచేయడం, ఫొటోలు దాచడం, వారానికొకసారి వీడియోలో మీటింగు, ఈమెయిలు. ఆటలు లేవు, సినిమా ఎడిటింగు లేదు.

తరువాత ప్రయాణం రాయమన్నాను. బోనకల్ స్టేషనులో రైలెక్కి ఖమ్మం, అక్కడి నుండి బస్సులో భద్రాచలం. ఆపైన దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెలకు బస్సు, ఆటో, కొంత నడక. కొన్నిచోట్ల సిగ్నలు ఉండదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు.

ఈ రెండు జాబితాలు చూసిన తరువాత సగం ప్రశ్నలకు జవాబు దొరికింది. ఆమె చేసే పనికి బలమైన యంత్రం అక్కర్లేదు. ఆమె వెళ్లే దారికి మాత్రం తేలికైనది, ఎక్కువసేపు నిలిచేది, నెట్ లేకపోయినా పనిచేసేది కావాలి.

బియ్యంతో ఒక పరీక్ష

కాగితం మీద ఒక కిలో తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. అందుకని ఇంట్లో ఒక పరీక్ష పెట్టాము. ఒక సంచిలో 2.8 కిలోల బియ్యం తూచి పోశాను. అది మా అబ్బాయి ల్యాప్‌టాప్, చార్జరు కలిపిన బరువు. మరో సంచిలో 1.6 కిలోలు పోశాను. అది తేలిక రకం ల్యాప్‌టాప్, చిన్న చార్జరు కలిపిన బరువు. రెండింటిలోనూ నీళ్లసీసా, అన్నం క్యారియరు, రెండు రిజిస్టర్లు పెట్టి, స్టేషను దాకా వెళ్లి రమ్మన్నాను. మొదటి సంచితో తిరిగి వచ్చిన అమ్మాయి, "పెదనాన్నా, ఇది రోజూ మోస్తే ఆరు నెలలకు భుజం పోతుంది" అంది. ఏ దుకాణదారుడూ చెప్పని మాట అది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను మీరూ చేసి చూడండి.

వెంట తీసుకువెళ్లే కంప్యూటర్లు మొదట్లో ఇంత తేలిక కాదు. 1981లో అమెరికాలో వచ్చిన ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటరు 11 కిలోల దాకా బరువుండేది. దానిలో బ్యాటరీ కూడా లేదు. 2008 జనవరిలో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక కాగితపు కవరులో నుండి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసి చూపించాడు. దాని బరువు 1.36 కిలోలు. 2011 నుండి ఇంటెల్ కంపెనీ 'అల్ట్రాబుక్' పేరుతో సన్నని రకాలను ప్రోత్సహించింది. నేడు 12 నుండి 14 అంగుళాల తెరతో, కిలో నుండి కిలోన్నర లోపు బరువుతో చాలా రకాలు దొరుకుతున్నాయి. రోజూ ప్రయాణం చేసేవారు ఈ హద్దు దాటకపోవడం మంచిది.

బ్యాటరీ లెక్క ఇలా

పెట్టె మీద "10 గంటలు" అని ఉంటే నమ్మి మోసపోవద్దు. తెర వెలుతురు బాగా తగ్గించి, తేలిక పనులతో పరీక్షించి రాసే లెక్క అది. సొంతంగా లెక్కించుకోవడం కష్టమేమీ కాదు.

బ్యాటరీని నీళ్ల ట్యాంకు అనుకోండి. అందులో ఎంత పడుతుందో వాట్-అవర్లలో చెబుతారు. కంప్యూటరు వాడుకొనే కరెంటు కుళాయి ధార వంటిది. దానిని వాట్లలో చెబుతారు. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉండి, టైపింగు వంటి పనికి యంత్రం 7 వాట్లు వాడుకొంటే ఏడు గంటలు వస్తుంది. వీడియో మీటింగు పెట్టి, తెర వెలుతురు పెంచితే 14 వాట్లు కావచ్చు. అప్పుడు మూడున్నర గంటలే. కాబట్టి గంటలు ఎన్నని అడిగి ఊరుకోకుండా, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లని అడగండి. రోజంతా బయట తిరిగేవారికి 45 నుండి 55 మధ్య ఉండాలి.

చార్జరు సంగతి కూడా చూడాలి. ఈనాటి ఫోన్లకు ఉండే టైప్-సి రంధ్రం ద్వారా చార్జయ్యే ల్యాప్‌టాప్ అయితే, చార్జరు మరచిపోయినా తోటి ఉద్యోగిది అడిగి పెట్టుకోవచ్చు. అయితే అది 45 లేక 65 వాట్లు ఇచ్చేదై ఉండాలి, మామూలు ఫోను చార్జరు చాలదు. ఐరోపా దేశాలు 2024 డిసెంబరు 28 నుండి ఫోన్లకు, 2026 ఏప్రిల్ 28 నుండి ల్యాప్‌టాప్‌లకు ఇదే పద్ధతిని తప్పనిసరి చేస్తూ చట్టం చేశాయి. ముందుముందు ఈ చార్జర్లే ఎక్కడైనా దొరుకుతాయని దీనినిబట్టి గ్రహించవచ్చు.

చౌకగా వచ్చి వెళ్లిపోయినవి

"పదిహేను వేలకే కొత్తది వస్తుంటే ఇంత ఆలోచన ఎందుకన్నా?" అని తమ్ముడు అడిగాడు. ఆ ప్రశ్నకు మన రాజధానిలో జరిగిన ఒక సంగతే మంచి జవాబు.

2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' అనే ట్యాబ్లెట్‌ను విడుదల చేశారు. విద్యార్థులకు దాదాపు 35 డాలర్లకే అందించాలన్నది సంకల్పం. డేటావిండ్ అనే కంపెనీ దానిని హైదరాబాదులో బిగించి తయారుచేయించింది. ఏడు అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్. బ్యాటరీ మూడు గంటలైనా సరిగా నిలిచేది కాదు. తెరను గట్టిగా నొక్కితేగాని పలికేది కాదు. 2012 నవంబరులో ఆకాశ్-2 అనే మెరుగైన రకం వచ్చింది గాని, పథకం మాత్రం అనుకొన్నంత దూరం సాగలేదు. ఉద్దేశం మంచిదే. అయినా తరగతి ముగియకముందే ఆగిపోయే వస్తువు ఎంత చౌకైతే మాత్రం విద్యార్థికి ఏమి లాభం?

అంతకుముందు 2007లో ఏసుస్ కంపెనీ 'ఈ పీసీ' అనే చిన్న కంప్యూటరును తెచ్చింది. ఏడు అంగుళాల తెర, 920 గ్రాముల బరువు, 4 జీబీ నిల్వ. నెట్‌బుక్ అని పిలిచిన ఆ రకం రెండు మూడేండ్లు విపరీతంగా అమ్ముడుపోయింది. అయితే మీటలు మరీ ఇరుకు, పని మరీ నిదానం. 2013 నాటికి పెద్ద కంపెనీలు వాటిని చేయడం మానేశాయి.

2023 జూలైలో జియో కంపెనీ 16,499 రూపాయల ధరతో జియోబుక్‌ను విడుదల చేసింది. బరువు 990 గ్రాములు, తెర 11.6 అంగుళాలు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. ఇంట్లో చదువుకొనే పిల్లలకు, ఈమెయిలు చూసుకొనేవారికి ఇటువంటిది సరిపోవచ్చు. అయితే అందులో ఉండేది విండోస్ కాదు. విండోస్ కోసం చేసిన ప్రోగ్రాములు అందులో నడవవు. మా అమ్మాయి ఆఫీసువారి ఎక్సెల్ ఫైళ్లు విండోస్‌లోనే సరిగా పనిచేస్తాయని ముందే చెప్పారు.

లోపల ఏముండాలి?

మామూలు ఆఫీసు పనికి 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే చాలు. 4 జీబీతో విండోస్ 11 తెరుచుకొంటుంది గాని, నాలుగు ఫైళ్లు తెరిచేసరికి ఆయాసపడుతుంది. చౌక రకాల్లో ఎస్ఎస్‌డీకి బదులు ఈఎంఎంసీ అనే నిల్వ పెడతారు. అది నిదానం, పైగా బోర్డుకు అతికించి ఉంటుంది. నిండిపోతే మార్చే వీలుండదు. సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను కూడా అతికించేస్తారు. "తరువాత పెంచుకోవచ్చా?" అని తప్పక అడగండి. పెంచే వీలు లేకుంటే మొదటే సరిపడినంత ఉన్నది తీసుకోండి.

మీటలను చేత్తో నొక్కి చూడండి. దుకాణంలో నిలబడి ఒక పేజీ టైపు చేయండి. తెరను గుమ్మం దగ్గరి వెలుతురులోకి తెచ్చి చూడండి. లోపల బాగా కనిపించినది బయట చెట్టుకింద కనిపించకపోవచ్చు.

తెలుగు టైపింగు గురించి ఒక మాట. విండోస్‌లో ప్రభుత్వం నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఉంది. 2019 మే నుండి ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్లు కొట్టే పద్ధతి కూడా చేరింది. మీటల మీద తెలుగు అక్షరాలు అచ్చువేసి ఉండనక్కర్లేదు. అయితే మీ దగ్గర పాత అను ఫాంట్లలో చేసిన ఫైళ్లు ఉంటే, అను స్క్రిప్ట్ మేనేజర్ నడవడానికి విండోస్ ఉన్నదే కావాలి. కరపత్రాలు, పత్రికల పని చేసేవారు ఇది మరువవద్దు.

పాతది కొనవచ్చా?

35 వేలలో తేలికైనది, గట్టిది, 8 జీబీ ర్యామ్‌తో కొత్తది వెదకడం మాకు కష్టమైంది. ఆ ధరలో కొత్తవి చాలావరకు పెద్ద తెరతో, బరువుగా ఉన్నాయి. అందుకే కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి అమ్మివేసే ఆఫీసు రకం ల్యాప్‌టాప్‌ల వైపు చూశాము. కొత్తగా ఉన్నప్పుడు వాటి ధర ఎక్కువ. గట్టి లోహపు ఒళ్లు, మంచి మీటలు వాటికుంటాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇటువంటి వ్యాపారానికి పేరుపొందినది.

పాతది కొనేవారు మూడు సంగతులు చూడాలి.

మొదటిది, వయసు. మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు నిలిపివేసింది. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసరు, లేక అంతకన్నా కొత్తది కావాలి. అంటే దాదాపుగా 2018 తరువాతివి. అంతకన్నా పాతవాటిని "బాగా తగ్గించి ఇస్తాను" అన్నా తీసుకోవద్దు.

రెండవది, బ్యాటరీ. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయమని దుకాణదారుని అడగండి. అందులో కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో రెండు అంకెలుంటాయి.

మూడవది, రసీదు. ఎన్ని నెలలు పూచీ ఇస్తున్నారో దాని మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

మేము మొదట చూసినదానికి 50 వాట్-అవర్లకుగాను 29 మాత్రమే మిగిలి ఉంది. పైకి కొత్తదానిలా మెరిసిపోతోంది. నాకు మా అబ్బాయి ల్యాప్‌టాప్ గుర్తుకొచ్చింది. "ఇది వద్దు పెదనాన్నా, నాలుగు గంటలే వస్తుంది" అని అమ్మాయే లెక్కకట్టి చెప్పింది. అదే రకంలో మరొకటి చూశాము. అది 2018లో వచ్చిన హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5. తెర 13.3 అంగుళాలు, బరువు సుమారు 1.3 కిలోలు. టైప్-సి ద్వారా చార్జవుతుంది, ర్యామ్ పెంచుకొనే వీలుంది. బ్యాటరీ 41 చూపింది. ఒకవైపు మూల నొక్కుకుపోయి, మూత మీద గీతలున్నాయి. 22 వేలకు ఇచ్చారు. ఆరు నెలల పూచీ రసీదు మీద రాయించాము.

మిగిలిన డబ్బులో వానకు తడవని సంచి ఒకటి, ఫైళ్ల నకలు దాచడానికి ఒక చిన్న ఎస్ఎస్‌డీ కొన్నాము. తొమ్మిది వేలు తమ్ముని కవరులోనే ఉన్నాయి. అవి తరువాత విత్తనాలకు పనికివచ్చాయి.

కొన్న తరువాత

మన ప్రాంతపు ఎండలు బ్యాటరీకి శత్రువులు. మే నెలలో ఆగివున్న కారులోగాని, బండి డిక్కీలోగాని ల్యాప్‌టాప్‌ను వదలకండి. ఇంట్లో ఎప్పుడూ చార్జరుకే తగిలించి ఉంచేవారు 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగు పెట్టుకోండి. బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది. వారానికొకసారి ఫైళ్లకు నకలు తీసి ఇంట్లో పెట్టండి. వస్తువు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. రెండేండ్ల నివేదికలు పోతే కొనుక్కోలేము.

ఉద్యోగంలో చేరిన రెండవ నెలలో అమ్మాయి ఫోను చేసింది. గాలివానకు చెట్లు పడి, ఆమె వెళ్లిన ఊళ్లో పొద్దున్నుండి కరెంటు లేదట, సిగ్నలూ లేదట. అంగన్‌వాడీ వరండాలో కూర్చొని నలభై మంది పిల్లల వివరాలు ఎక్కించి, సాయంత్రం భద్రాచలం చేరాక పంపించిందట. "ఇంకా పద్దెనిమిది శాతం మిగిలింది పెదనాన్నా" అంది. ఆ మాట తమ్మునికి చెబితే, "మూత మీద గీతలున్నాయని ఆ రోజు నేను కొంచెం నొచ్చుకున్నానన్నా" అని నవ్వాడు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు అడిగినప్పుడు ముందు కాగితం, కలం ఇవ్వండి. వారు చేసే పని, వెళ్లే దారి రాయించండి. ఆ తరువాతే దుకాణానికి బయలుదేరండి. వెళ్లేముందు బియ్యం సంచి ఒకసారి మోయించడం మరచిపోకండి.