పావగడ తాలూకాలో జీవనోపయోగ విద్య : బోధింపదగిన వయస్సు

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా కర్ణాటకమునకు చెందినదైనను ఆంధ్రప్రదేశ్ భూభాగములోనికి చొచ్చుకొని యున్నది. ఇచ్చటి పెక్కు కుటుంబములకు ఇంటిమాట తెలుగు. కచేరీ భాష కన్నడము. వర్షము తక్కువ. ఇట్టి సీమలో నిత్యజీవితమునకు పనికివచ్చు విషయములను పిల్లలకు ఏ వయస్సున బోధింపవలెనను ప్రశ్న వట్టి శాస్త్రచర్చ కాదు.

ఈ ప్రశ్న పాతదే. 1937 వ సంవత్సరమున వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన విద్యాపద్ధతిని రూపొందించిన జాకీర్ హుస్సేన్ సంఘము ఏడవయేటి నుండియే చేతిపనిద్వారా చదువు చెప్పవలెననెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతులలో వృత్తిపరిచయమును సూచించినది. కాని ఆరవ తరగతికి వచ్చునప్పటికి పిల్లలకు పదునొకండేండ్లు నిండును. కొన్ని సంగతులకు అది మించిన కాలము.

నీటి సంగతి అట్టిదే. ఈ తాలూకా భూగర్భజలములలో ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. దాటిన నీటిని చిరకాలము త్రాగినచో దంతములు మచ్చలుపడును. మిక్కుటమైనచో ఎముకలు, కీళ్ళు బిగిసికొనును. జ్ఞానదంతములు తప్ప తక్కిన శాశ్వతదంతముల పైపూత సుమారు ఎనిమిదేండ్లలోపలనే ఏర్పడును. అప్పుడు పడిన మచ్చ పిమ్మట ఎంత తోమినను పోదు. ఉన్నతపాఠశాలలో ఈ పాఠము విన్న బాలునికి తన దంతముల విషయమున ప్రయోజనము శూన్యము. ఒకటవ తరగతిలో విన్నవాడు ఇంటనున్న చెల్లెలికి ఏ నీరు పోయవలెనో ఎరుగును. కాచిన నీరు మేలను మాట క్రిములపట్ల సత్యము. ఫ్లోరైడు మాత్రము కాచుటచే పోదు సరికదా, నీరిగిరినకొలది చిక్కబడును. ఉప్పునీటిని కాచి, చల్లార్చి, రుచి చూపినచో ఈ భేదము పసివానికిని బోధపడును.

నీటివలెనే భూమి లెక్కయు ముందుగా రావలసినది. 2019 నాటికి పూర్తియైన 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కునకై సుమారు 13,000 ఎకరములు 28 ఏండ్ల గుత్తకు పోయినవి. గుత్త ఎకరమునకు ఏటికి మొదట 21,000 రూపాయలు. రెండేండ్లకొకసారి నూటికి ఐదు పెంపు. మొదటి పెంపుతో అది 22,050 అగును. రెండవ పెంపును తొలిమొత్తముపై కట్టిన 23,100. పెరిగిన మొత్తముపై కట్టిన 23,152 రూపాయల 50 పైసలు. ఈ రెంటిలో పత్రమున వ్రాసినదేదో అడుగగల బిడ్డ ఇంటికి అండ. కన్నడమున 'గుత్తిగె' అని చదివి, తెలుగున 'గుత్త' అని తల్లిదండ్రులకు విప్పి చెప్పుట సైతము ఆ పాఠములోనిదే.

పనికివచ్చు విద్య చెప్పినచో పుస్తకవిద్య తగ్గునని తల్లిదండ్రులు శంకించుట సహజము. కాని ఇందులకు క్రొత్త పుస్తకము గాని, క్రొత్త పరీక్ష గాని అక్కరలేదు. పరిసరముల పాఠములో ఊరి బోరునీరు, శాతముల పాఠములో ఊరి గుత్తపత్రము చేరిన చాలును. హైస్కూలు గడప త్రొక్కకయే చదువు మానిన పిల్లలకును ఈ రెండును దక్కును.