మీకు తెలుసా? పచ్చి మాంసం ఒక్కటే పెడితే కుక్కకు చాలదు

కుక్కకు పచ్చి మాంసం, ఎముకలే సహజాహారమన్న వాదానికి ఊపు తెచ్చినవారు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. 1993లో ఆయన పుస్తకం వచ్చింది.

ఈ పద్ధతి పాటించేవారు సాధారణంగా చెప్పే లెక్క ఇది: కండ 80 శాతం, పచ్చి ఎముక 10, కార్జం వంటి లోపలి భాగాలు 10. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు రోజుకు దాని బరువులో 2 నుంచి 3 శాతం, అంటే 20 కిలోల కుక్కకు 400–600 గ్రాములు. ఈ లెక్కలోనూ విటమిన్ ఇ, మాంగనీసు కొరవడవచ్చు.

అసలు చిక్కు ఎముక తీసేసి మెత్తని మాంసమే పెట్టేవాళ్లతో. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. ఎదిగే కుక్కపిల్లకు అదే పెడుతూపోతే దాని ఎముకలు బలహీనపడి విరుగుతాయి. పోనీ కార్జం ఎక్కువ పెడదామంటే, మోతాదు మించిన విటమిన్ ఎ హాని చేస్తుంది. ఉడికించిన ఎముక అసలే వద్దు, పెళుసై చీలి పేగుల్ని కోస్తుంది.

ఇక పచ్చి మాంసంలో ఉండగల సాల్మొనెల్లా అనే హానికర బ్యాక్టీరియా ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన చావదు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంట్లో పచ్చి మాంసం పెట్టకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

అన్నం కుక్కకు పడదన్న మాటా నిజం కాదు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలు కన్నా కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు.