పాత మారుతి 800ని రేస్ కారు చేస్తున్నారా? ముందు కాటా ఎక్కించండి

ఇవాళ్టి ఎపిసోడ్ పాత చిన్న కారుని ట్రాక్ బండిగా మార్చాలనుకునే వాళ్ల కోసం. ఉదాహరణకి మారుతి 800 తీసుకుంటున్నా. 1983లో వచ్చింది, 2014 వరకు తయారైంది. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకే వస్తుంది, స్పేర్లు దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా చేతికి అలవాటైన బండి. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు. ఇంజిన్ ముందే ఉంటుంది, తిరిగేవి కూడా ముందు చక్రాలే. బరువు మోడల్‌ని బట్టి సుమారు 650 కిలోలు.

ఇలాంటి బండి చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని ఏంటి? వెనక సీటు పీకేయడం. తర్వాత స్టెప్నీ, జాకీ, కార్పెట్. బండి తేలికైంది, మంచిదే. కానీ ఎంత బరువు తగ్గింది అనేది ఒక ప్రశ్న, మిగిలిన బరువు నాలుగు చక్రాల మీద ఎలా కూర్చుంది అనేది ఇంకో ప్రశ్న. ఈ రెండోది వదిలేస్తే, స్ట్రెయిట్‌లో దూసుకెళ్లే బండి మలుపు ముందు బ్రేక్ కొట్టగానే తోక తిప్పేస్తుంది. ఇవాళ మాట్లాడేది దాని గురించే.

ముందు లెక్క అర్థం చేసుకుందాం. ఇద్దరు మనుషులు ఒక కర్రకి నీళ్ల బిందె తగిలించి మోస్తున్నారనుకోండి. బిందె ఎవరివైపు జరిగితే బరువు వాళ్ల భుజం మీద పడుతుంది. కారులో ఆ ఇద్దరూ ముందు యాక్సిల్, వెనక యాక్సిల్. కర్ర పొడవు అంటే వీల్‌బేస్. మారుతి 800కి అది 2175 మిల్లీమీటర్లు, చాలా చిన్నది. అందుకే ఏ వస్తువు కొంచెం జరిపినా తేడా బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు 10 కిలోల బ్యాటరీ తీసుకోండి. ఇంజిన్ దగ్గర ఉన్నదాన్ని 2 మీటర్లు వెనక్కి జరిపితే ముందు నుంచి వెనక్కి మారే బరువు 10 ఇంటూ 2, బై 2.175. అంటే సుమారు 9 కిలోలు. బాగుంది కదా? ఇప్పుడు 12 కిలోల వెనక సీటు పీకేశారనుకోండి. అది ముందు యాక్సిల్ నుంచి 1.7 మీటర్ల దూరంలో ఉంటే వెనక చక్రాల మీద పోయేది దాదాపు 9 కిలోలు, ముందు పోయేది రెండున్నర. అంటే కష్టపడి బ్యాటరీతో వెనక్కి తెచ్చిన 9 కిలోలు సీటుతో పాటే పోయాయి! సీటు తీయొద్దని కాదు. వెనక తీసినంత ముందు కూడా తీయాలి అని.

ముందు ఏం తీయొచ్చు? ఏసీ ఉన్న మోడల్ అయితే కంప్రెసర్, కండెన్సర్, పైపులు. డ్యాష్‌బోర్డ్ వెనక బ్లోయర్ సామాను. ముందు బంపర్ వెనక ఉండే అదనపు బ్రాకెట్లు. ఇక్కడ ఒక ట్రిక్ ఉంది. యాక్సిల్ కంటే ముందుకు పొడుచుకొచ్చిన బరువు డబుల్ దెబ్బ కొడుతుంది. యాక్సిల్‌కి అర మీటరు ముందున్న 10 కిలోల వస్తువు ముందు చక్రాల మీద 12 కిలోలకు పైనే పడుతుంది, వెనక చక్రాల్ని 2 కిలోల మేర పైకి లేపుతుంది. కాబట్టి తీయాల్సిన లిస్టులో ముక్కు దగ్గరివి మొదట రాయండి.

సో, 50-50 తెచ్చేయాలా? అక్కర్లేదు. ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్. లాగేది, తిప్పేది, బ్రేకింగ్‌లో ఎక్కువ పని చేసేది అన్నీ ముందు చక్రాలే. గ్రిప్ కావాలంటే వాటి మీద బరువు ఉండాలి. ముందు 60 శాతం దగ్గర ఉన్నా కంగారు పడక్కర్లేదు. మనం చూడాల్సింది వెనక చక్రాలు మరీ ఖాళీ అయిపోకుండా.

ఎందుకో చూడండి. డ్రైవర్‌తో కలిపి బండి 720 కిలోలు, ముందు 440, వెనక 280 అనుకుందాం. సెంటర్ ఆఫ్ గ్రావిటీ నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. గట్టిగా, అంటే 0.8 జీతో బ్రేక్ వేస్తే ముందుకు దూకే బరువు 720 ఇంటూ 0.8 ఇంటూ 0.5, బై 2.175. సుమారు 132 కిలోలు. ఆ క్షణంలో వెనక రెండు టైర్ల మీద కలిపి మిగిలేది 148 కిలోలే. వెనక డ్రమ్ బ్రేకులు మాత్రం ఫుల్ సీట్లతో ఉన్న ఫ్యామిలీ కారుకి పెట్టినవి. అవి ముందే లాక్ అవుతాయి. వెనక చక్రాలు లాక్ అయితే బండి బొంగరమే. అందుకే బరువు తగ్గించిన ప్రతిసారీ బ్రేక్ బ్యాలెన్స్ కూడా మళ్లీ సెట్ చేయించాలి.

అదే ఎత్తుని 50 నుంచి 45కి దించితే ముందుకు దూకేది 132 బదులు 119. అంటే 13 కిలోలు వెనకే ఉండిపోయాయి. ఏ వస్తువూ జరపకుండానే! కాబట్టి రూఫ్ దగ్గర తగ్గించే ప్రతి కిలో ఫ్లోర్ దగ్గర తగ్గించే కిలో కంటే విలువైనది.

ఇంకో విషయం. కారులో జరపగలిగే వాటిలో అన్నిటికంటే బరువైనది మీరే. 70 కిలోల డ్రైవర్ సీటుని 10 సెంటీమీటర్లు వెనక్కి బిగిస్తే 3 కిలోలు వెనక్కి మారతాయి. సీటు కిందికి దిగితే ఎత్తు కూడా తగ్గుతుంది. కాకపోతే పెడల్స్ పూర్తిగా తొక్కగలగాలి, స్టీరింగ్ చేతికి అందాలి. మన డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి బ్యాటరీని ఎడమవైపు, పక్క సీటు వెనక ఫ్లోర్ మీద పెట్టండి. దాన్ని మూసిన బాక్సులో ఉంచి, మెటల్ స్ట్రాప్‌తో ఫ్లోర్‌కి బోల్ట్ వేసి, టెర్మినల్స్ కవర్ చేసి, మెయిన్ కట్ ఆఫ్ స్విచ్ పెట్టాలి. లాగిన కేబుల్ ఎక్కడా ఇనుముకి రాసుకోకూడదు. క్యాబిన్‌లో వదులుగా ఉన్న బ్యాటరీ అంటే పక్కన బాంబు పెట్టుకున్నట్టే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఉదాహరణ అంకెలు. మీ బండి అంకెలు కాటా చెప్పాలి. లారీలు తూచే వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కిస్తే ముందు బరువు రఫ్‌గా తెలుస్తుంది. నాలుగు చక్రాలకీ విడివిడిగా కావాలంటే బస్తాలు తూచే 300 కిలోల ప్లాట్‌ఫామ్ కాటా ఒకటి చాలు. మిగతా మూడు చక్రాల కింద కాటా అంత ఎత్తు గట్టి దిమ్మలు పెట్టి, ఒక్కో చక్రం తూచండి. ఎత్తులో కొంచెం తేడా వచ్చినా రీడింగ్ తప్పుతుంది. టైర్లలో గాలి సరిచూసి, పెట్రోల్ రేసులో ఉండేంత పోసి, హెల్మెట్‌తో సహా డ్రైవర్‌ని కూర్చోబెట్టి తూచండి.

రీడింగ్ ఇలా వచ్చిందనుకోండి. ముందు ఎడమ 230, ముందు కుడి 210, వెనక ఎడమ 120, వెనక కుడి 160. ఐమూలగా కూడండి. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 330. అంటే 720లో 46 శాతం కూడా లేదు. ఈ బండి కుడి మలుపులో తిరగనని మొరాయిస్తుంది, ఎడమ మలుపులో తోక వదులుతుంది. నాలుగు కాళ్లలో ఒకటి పొట్టిగా ఉన్న బల్ల లాంటిదన్నమాట. ఎత్తు సర్దుకునే కాయిల్‌ఓవర్లు ఉంటే ముందు కుడి, వెనక ఎడమ స్ప్రింగ్ సీట్లని కొంచెం కొంచెం పైకి తిప్పుతూ తూస్తూ పోవాలి. చివరికి 215, 225, 135, 145 వచ్చిందనుకోండి. ఐమూల 360, సరిగ్గా 50 శాతం. కానీ గమనించండి: ముందు మొత్తం అదే 440, కుడివైపు మొత్తం అదే 370. స్ప్రింగులు ఎంత తిప్పినా ముందు-వెనక, కుడి-ఎడమ లెక్క మారదు. అది మారాలంటే వస్తువు జరగాల్సిందే. అందుకే ముందు సామాను సర్దాలి, స్ప్రింగులు ఆఖర్న.

చివరిగా ఒక్క మాట సీరియస్‌గా. కిలోలు తగ్గించే పిచ్చిలో రోల్ కేజ్ వద్దనుకునే వాళ్లుంటారు. వెల్డింగ్‌తో కలిపి ముప్పై కిలోల పైనే పెరుగుతుంది కదా అని. పల్టీ కొట్టినప్పుడు మీ తలకీ రూఫ్‌కీ మధ్య ఉండేది అదొక్కటే. ముందు కేజ్, ఆరు పాయింట్ల బెల్ట్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లెక్కలో వేసుకుని, మిగిలిన బరువుతో ఆడుకోండి. కేజ్ వెనక కాళ్లు వెనక సస్పెన్షన్ వైపు దిగుతాయి కాబట్టి, పీకిన సీటు బరువు కొంత అక్కడే తిరిగొస్తుంది కూడా.

ఇంకా, ఇలా మార్చిన బండి రోడ్డు మీదకి తేవొద్దు. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చి రోడ్డు మీద తిప్పడం కుదరదు. ట్రైలర్ మీద ట్రాక్‌కి తీసుకెళ్లండి. మనకి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరు దగ్గర కారి స్పీడ్‌వే ఉంది. పోటీలో దిగాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్, మీ క్లాస్ రూల్ బుక్ ముందు చూసుకోండి. ఏది తీయొచ్చు, కనీస బరువు ఎంత ఉండాలి అన్నీ అందులోనే ఉంటాయి. అది చదివాకే స్పానర్ పట్టుకోండి.

కాగితం మీద నాలుగు గళ్లు గీసి, ఇవాళే మీ బండి ఫస్ట్ రీడింగ్ రాసి పెట్టుకోండి. తర్వాత ఏ మార్పు చేసినా దాంతోనే పోల్చాలి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో బ్రేక్ బ్యాలెన్స్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.