కంపెనీ అమ్మకం: వాటాలా? యూనిట్టా? పన్ను లెక్క ముందే తేలాలి

నాచారం, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో ఒక యూనిట్ చేతులు మారుతున్నదంటే బేరమంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. కాని అమ్మినవారికి చివరకు మిగిలేదెంత, కొన్నవారి నెత్తిన పడే పాత బాకీలెన్ని అన్నది ఒప్పందం రాసుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. అమెరికాలో కొన్ని షరతులకు లోబడి వాటాల కొనుగోలును పన్ను లెక్కకు ఆస్తుల కొనుగోలుగా ఎంచుకునే వీలుంది. మన దేశంలో అటువంటి ఎంపిక లేదు. ఒప్పందం రూపమే ఎంపిక.

మూడు మార్గాలు

మొదటిది వాటాల బదిలీ. లాభంపై పన్ను వాటాదారు కడతాడు. స్టాకు ఎక్స్ఛేంజీలో లేని వాటాలను 24 నెలలకు మించి ఉంచుకుంటే, 2024 జులై 23 నుంచి పన్ను రేటు 12.5 శాతం. కంపెనీ మాత్రం తన అప్పులు, వివాదాలతో సహా కొన్నవారి చేతికి వస్తుంది. ప్రైవేటు కంపెనీలో 51 శాతం ఓటు హక్కు చేతులు మారితే పాత వ్యాపార నష్టాలను ముందుకు తీసుకుపోయే హక్కు సాధారణంగా పోతుంది. నష్టాలున్నాయన్న ఆశతో ఎక్కువ ధర పెట్టేవారు ఇది గమనించాలి.

రెండవది గుండుగుత్త అమ్మకం. ఆస్తులకు విడివిడిగా ధర కట్టకుండా యూనిట్ మొత్తాన్ని ఒకే మొత్తానికి అమ్మడం. 1999 ఫైనాన్సు చట్టం దీనికి ప్రత్యేక లెక్క ఏర్పరచింది. యూనిట్ నికర విలువే కొనుగోలు ఖర్చుగా పరిగణిస్తారు. ఆస్తుల విలువ పెంచి రాసుకున్నా ఆ పెంపు లెక్కకు రాదు. నడుస్తున్న వ్యాపారంగా బదిలీ చేస్తే జీఎస్‌టీ ఉండదు.

మూడవది ఆస్తులను విడివిడిగా అమ్మడం. స్థలం, యంత్రాలు, సరుకు నిల్వ దేని లెక్క దానిదే. యంత్రాలకు, సరుకుకు జీఎస్‌టీ పడుతుంది.

ఉదాహరణ

ఒక యూనిట్‌కు 5 కోట్ల రూపాయల ధర పలికిందనుకుందాం. నికర విలువ 2 కోట్లు. యజమాని వాటాలకు పెట్టినది 50 లక్షలు. దీర్ఘకాలిక లాభంగా చూస్తే గుండుగుత్త అమ్మకంలో 3 కోట్ల లాభంపై పన్ను 37.5 లక్షలు. వాటాల అమ్మకంలో 4.5 కోట్లపై 56.25 లక్షలు. సర్‌చార్జి, సెస్సు అదనం. మొదటిది చవకగా కనిపిస్తుంది. కాని ఆ సొమ్ము చేరేది కంపెనీకి. యజమాని డివిడెండుగా తీసుకుంటే శ్లాబు ప్రకారం మళ్ళీ పన్ను పడుతుంది. సొమ్మును కంపెనీలోనే ఉంచి మరో వ్యాపారం చేసేవారికే ఈ తేడా కలిసివస్తుంది.

కొనుగోలుదారుకూ ఒక చిక్కు ఉన్నది. ఆస్తుల విలువకు మించి ఇచ్చిన మొత్తాన్ని గుడ్‌విల్‌గా చూపి తరుగుదల పొందే వీలును 2021 ఫైనాన్సు చట్టం తీసివేసింది.

శాంతా బయోటెక్నిక్స్ వివాదం

పద్ధతి ఎంత ముఖ్యమో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ ఉదంతం తెలుపుతుంది. 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ, శాంతాలో అధిక వాటా గల షాన్‌హెచ్ అనే ఫ్రెంచి కంపెనీ వాటాలను కొన్నది. ఆస్తి విలువ ఇక్కడిదే గనుక పన్ను ఇక్కడే చెల్లాలని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. భారత్, ఫ్రాన్సు పన్ను ఒప్పందం ప్రకారం ఆ లాభంపై పన్ను వేసే హక్కు ఫ్రాన్సుదేనని 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2012లో పార్లమెంటు వెనకటి తేదీతో చేసిన సవరణ సైతం ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చలేదని పేర్కొన్నది.

బయానాకు ముందు

వ్యాపారం చేతులు మారితే అప్పటివరకు బాకీపడిన జీఎస్‌టీకి అమ్మినవారు, కొన్నవారు ఇరువురూ బాధ్యులే. కనుక బాకీల వివరం, పెండింగు నోటీసుల జాబితా చేతికి వచ్చి, ఎవరి బాధ్యత ఎంతో ఒప్పందంలో రాసుకున్న తరువాతనే బయానా ఇవ్వడం క్షేమకరం. దలాలీదార్లు కూడా ధరతో పాటు పద్ధతిని ముందే తేల్చుకుంటే చివరి నిమిషంలో బేరం చెడిపోయే ప్రమాదం తగ్గుతుంది.