గెలిచేవాళ్ల మీద మనకు కోపం ఏంటికి?

ఎప్పుడూ గెలిచే జట్టులో ఒక్కరి మీదనే మనకు అంత కోపం ఎందుకు వస్తుందో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది. అంతకుముందు మన ఇండియా వరసగా 10 మ్యాచ్‌లు గెలిచింది. ఫైనల్లో ఆస్ట్రేలియా ఆటగాడు ట్రావిస్ హెడ్ 137 పరుగులు కొట్టినాడు, కప్పు పాయె. వాళ్లు 11 మంది ఆడినారు గాని మనం తిట్టింది హెడ్‌ను ఒక్కణ్నే. జట్టుకు ముఖం ఉండదు. మన కోపానికి ఒక ముఖం కావాల. ఇది మొదటి కారణం.

రెండోది, ఓడిపోయినామని ఒప్పుకోవడం కష్టం. 2003 ఫైనల్లో రికీ పాంటింగ్ ఔటు కాకుండా 140 పరుగులు చేసినాడు. అతని బ్యాటులో స్ప్రింగు ఉందని ఊరూరా పుకారు పుట్టింది. మా తండాలో చిన్నాయన ఇప్పటికీ అదే మాట చెప్తాడు. స్ప్రింగు లేదు, ఏమీ లేదు. వాళ్లు బాగా ఆడినారు, అంతే.

మూడోది, నిజంగా తప్పు చేసేవాళ్లూ ఉంటారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు 1991, 1992 రెండేళ్లూ గెలిచింది. 1992లో కెంటకీ జట్టుతో ఆటలో క్రిస్టియన్ లేట్నర్ కింద పడిన ఆటగాణ్ని కాలితో తొక్కినాడు. ఆఖరి క్షణంలో బంతి బుట్టలో వేసి గెలిపించిందీ అతనే. తొక్కినందుకు కోపం న్యాయమే. గెలిచినందుకు కోపం వేరు. మనం రెండూ కలిపేస్తాము.

మళ్లీ హెడ్ సంగతి. 2024లో అతను హైదరాబాద్ సన్‌రైజర్స్ జెర్సీ వేసుకొని బెంగళూరు మీద 41 బంతుల్లో 102 కొట్టినాడు. తిట్టిన మనమే చప్పట్లు కొట్టినాము! మనిషి మారలేదు, చొక్కా మారింది.

ఇప్పుడు నా సంగతి. మొన్న హాస్టల్ కబడ్డీలో పదో తరగతి అక్క మా నలుగురిని ఔట్ చేసి పోయింది. ఆమెకు కూత తెగినాక నడిగీత ముట్టుకుందని అందరికీ చెప్పింది నేనే. అది అబద్ధం. గీత ముట్టుకునేదాకా ఆ అక్క కూత నా చెవులారా విన్నాను. నా మాట నమ్మి ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. బ్యాటులో స్ప్రింగు పెట్టింది చిన్నాయన అయితే, ఇక్కడ పెట్టింది నేను.

రేపు ఆదోనిలో ఆటలకు పోతే మన బడి జెర్సీ వేసుకునేది ఆ అక్కే. ఎమ్మిగనూరు పిల్లలు ఆమెను దొంగాట అంటే మనం ఊరుకుంటామా? ఎవరి మీదనైనా కోపం వస్తే, "ఈమె మా జట్టులో ఉంటే ఇదే మాట అందునా?" అని ఒక్కసారి అడుగుకోండి.

అక్కా, నన్ను మన్నించు. ఈ రాత్రి నీ పక్కన నేను కూర్చుంటాను.

తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని