ఏడుపులో పిలుపు

ఉద్యోగాలు రాక యువత ఆక్రోశిస్తోందని పత్రికలు రాస్తాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లీ ఆక్రోశిస్తుంది. మొదటిదాంట్లో కోపం పాలెక్కువ, రెండోదంతా దుఃఖమే. మరి రెండు చోట్లా క్రియ ఒక్కటే ఎలా అయింది?

‘ఆక్రోశించు’లో ముందున్న ‘ఆ’, చివరి ‘ఇంచు’ తీసేస్తే మిగిలేదానికి మూలం ‘క్రుశ్’ అనే సంస్కృత ధాతువు. పాణినీయ ధాతుపాఠం దీనికి రెండర్థాలు చెబుతుంది: పిలవడం, ఏడవడం. ‘ఆక్రందన’కు మూలమైన ధాతువుకూ అక్కడ ఇవే అర్థాలు. అంటే ఆ పాతకాలపు చెవికి ఏడుపు ఒంటరి వ్యవహారం కాదు, ఎవరో ఒకరు రావాలని పెట్టే కేక. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజుకు వెనకవైపున ఉండే మిత్రరాజు పేరు ‘ఆక్రందుడు’. శత్రువు వెనకనుంచి మీదపడితే కేకేయాల్సింది అతన్నే మరి!

కేక వినిపించే మేర ‘క్రోశం’. మన ‘కోసు’ అదే, సుమారు రెండు మైళ్లు. ఏ గొంతైనా అంత దూరం పోతుందా అంటే అనుమానమే. కొలతలు కాలాన్నిబట్టి మారుతుంటాయి. ఊళ వేసే నక్కకూ ఈ ధాతువు నుంచే ‘క్రోష్టువు’ అన్న పేరొచ్చింది.

కేకలో ఏముందని జనం ఉలిక్కిపడతారు? మామూలు మాటలో ధ్వని తీవ్రత సెకనుకు నాలుగైదుసార్లు, అంటే దాదాపు అక్షరానికోసారి, పెరిగి తగ్గుతుంది. భయంతో అరిచినప్పుడు అది 30 నుంచి 150 సార్ల దాకా ఊగుతుంది. చెవికి గరుకుగా తగులుతుంది. నాడీ శాస్త్రవేత్తలు ల్యూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ బృందం 2015లో దీన్ని పరిశీలించింది. గరుకు పెరిగేకొద్దీ మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా ఎక్కువగా స్పందిస్తోందని తేలింది. అలారం మోతల్లోనూ ఇదే గరుకుంది.

ఇక కోపం సంగతి. పిలిచినా పలికేవాడు లేకపోతే నోట తిట్టే వస్తుంది కాబోలు! సంస్కృతంలోనే ‘ఆక్రోశం’ నిందగా మారింది, పాలీలో ‘అక్కోస’ అంటే దూషణే. ఇందుకు భిన్నంగా, ఇంకొకరి ఏడుపు వెంట తానూ ఏడ్చే ‘అనుక్రోశం’ దయ అయింది. హిందీలో దారి కొలిచే ‘కోస్’, శాపనార్థాలు పెట్టే ‘కోస్‌నా’ రెండూ ఈ ధాతువు సంతానమే.