బెదురు కుక్కను ఇంటికి తెస్తున్నారా?

వీధిలో దెబ్బలు తిన్న కుక్కను జాలిపడి తెచ్చుకున్నారు. మూడు రోజులైంది. మంచం కింద నుంచి బయటికి రాదు. పెరుగన్నం పెడితే ముట్టదు. ఇంటిల్లిపాదీ పడుకున్నాక మాత్రం గిన్నె ఖాళీ అవుతుంది. పిల్లలు బిస్కెట్ చూపించి పిలిస్తే గోడకు ఇంకా అతుక్కుపోతుంది. ‘ఇంత ప్రేమగా చూస్తున్నా దీనికి విశ్వాసం లేదే’ అని ఎవరో ఒకరు అనేస్తారు. తొందరపడకండి. దానికి మీ మీద కోపం లేదు, అయిష్టం లేదు. భయం, అంతే.

కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల దాకా లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. మనుషుల చేతులు, మిక్సీ చప్పుడు, గొడుగు, స్కూటరు... అప్పుడు ఏవి మంచిగా అనుభవంలోకి వస్తే వాటికి పెద్దయ్యాక బెదరదు. ఆ వయసంతా రాళ్లదెబ్బల మధ్య గడిస్తే మనిషి చెయ్యి పైకి లేస్తే చాలు, దెబ్బే అనుకుంటుంది. భయపడినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఆకలి చచ్చిపోతుంది, ఒత్తిడి హార్మోన్లు ఎక్కువవుతాయి. ఒక భయం తగ్గకముందే ఇంకోటి వచ్చి పడుతుంటే ఆ శరీరానికి తేరుకునే వ్యవధే దొరకదు. ఇలాంటి కుక్కకు నెమ్మదైన ఇల్లే సగం వైద్యం.

మీ ఇల్లు సరిపోతుందా?

ఈ ప్రశ్న కుక్కను చూడకముందే వేసుకోవాలి. చూశాక జాలి మాట్లాడనివ్వదు. ప్రొద్దుటూరు బజారులో కింద దుకాణం, పైన కాపురం, పొద్దస్తమానం వచ్చిపోయే జనం ఉన్న ఇల్లు వేరు. కలమల్ల దగ్గర థర్మల్ విద్యుత్కేంద్రం కాలనీలో ఇద్దరే ఉండే క్వార్టర్ వేరు. మొదటి ఇంట్లో హుషారైన కుక్క హాయిగా పెరుగుతుంది, బెదురుది నలిగిపోతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలున్నా మనుషులతో కలిసిపోయే కుక్కనే ఎంచుకోండి. ఈ మాట కఠినంగా అనిపించొచ్చు. కానీ తెచ్చిన నెలకే వదిలేస్తే అది రెండోసారి మనిషిని నమ్మడం ఇంకా కష్టం.

నెమ్మదైన ఇల్లంటే అసలు చప్పుడే ఉండకూడదని కాదు. రోజూ ఎనిమిదింటికి కుక్కర్ విజిల్ వేస్తే కొన్నాళ్లకు అలవాటు పడుతుంది. చెప్పాపెట్టకుండా దిగే బంధువులు, ఉన్నట్టుండి పెంచే టీవీ, ఇంట్లో అరుపులు దాన్ని కుదిపేస్తాయి. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లు ఇద్దరే మిగిలిన ఇళ్లు దీనికి చక్కగా సరిపోతాయి. కాకపోతే మీరు ఆరు నెలలు ఊళ్లో లేకపోతే దాన్ని ఎవరు చూస్తారు? కూతురి పురుడుకు టికెట్లు తీశాక ఆలోచించే విషయం కాదది.

తొలి రోజుల్లో...

రాకపోకలు లేని మూలలో పాత దుప్పటో గోనెపట్టో పరవండి. నున్నటి బండల మీద కాళ్లు జారితే బెదురు పెరుగుతుంది. వరండాలో కట్టేయొద్దు, మన కడప బండ వేసవి మధ్యాహ్నం అరికాళ్లు కాల్చేస్తుంది. ఆ మూలలో ఉన్నంతసేపు ఎవరూ తాకకూడదు, లాగకూడదు. వేళకు అన్నం, నీళ్లు పెట్టి పక్కకు వచ్చేయండి. అదే గదిలో కాస్త దూరంగా, దానికి పక్కకు తిరిగి కూర్చుని పేపరు చదువుకోండి. కళ్లలోకి చూడొద్దు, కుక్కల భాషలో అది బెదిరింపు. ఏదో ఒక రోజు అదే వచ్చి మీ పాదం వాసన చూస్తుంది. అప్పుడూ కదలకండి. కొన్నాళ్లకు చెయ్యి వేయాలనిపిస్తే తల మీద కాకుండా ఛాతీ పక్కన రెండు క్షణాలు నిమిరి ఆపేయండి. మళ్లీ దగ్గరికొస్తే ఇంకాసేపు. దూరం జరిగితే ఆ రోజుకు చాలు.

ఈ రోజుల్లో పెద్ద ప్రమాదం పారిపోవడం. గేటు తీసేముందు ఇంటి తలుపు మూయండి. బయటికి తీసుకెళ్తే మెడపట్టీ ఒక్కటే నమ్ముకోవద్దు. బెదిరిన కుక్క వెనక్కి గుంజి తల ఊడబెరుక్కుంటుంది. ఛాతీకి తగిలించే హార్నెస్ కూడా వేయండి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లైతే మరీ జాగ్రత్త.

భయపడిన కుక్క కరిచే ముందు సాధారణంగా సూచనలు ఇస్తుంది. పెదాలు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగదీస్తుంది. గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమంటే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వొద్దు.

అయినా పన్ను దిగినా, గోరు గీసుకున్నా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పెట్టొద్దు. కుక్కకు టీకా వేయించినా సరే, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది.

తెచ్చిన మొదటి వారంలోనే పశువైద్యులకు చూపించండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాల అయినా సరే. రద్దీ లేని వేళ కనుక్కుని వెళ్తే దానికీ మేలు, మీకూ మేలు. రేబిస్ టీకా, నులిపురుగుల మందు, పిడుదులకు మందు తప్పనిసరి. చెవి అంచున చిన్న గంటు ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. ఒక్క విషయంలో మోసపోవద్దు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ కుక్క తిండి మానేసి మూలన పడుకుంటుంది. బెదురే అనుకుని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. చిగుళ్లు పాలిపోయినా, రోజంతా నీళ్లు ముట్టకపోయినా ఆగొద్దు. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు మాత్రం ఇవ్వకండి, అవి దానికి విషం. నెలలు గడిచినా వణుకు తగ్గకపోతే ఆందోళన తగ్గించే మందులు ఉన్నాయి. వాటిని పశువైద్యులే నిర్ణయించాలి.

మూడు రోజులకు ఊపిరి పీల్చుకుంటుంది, మూడు వారాలకు మన వేళలు తెలుస్తాయి, మూడు నెలలకు ఇల్లు తనదనుకుంటుంది అని కుక్కల్ని కాపాడేవాళ్లు లెక్క చెబుతారు. మరీ బెదురుదైతే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

వీధికుక్కను దత్తత తీసుకోవాలనుకునేవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత మీదేనని కూడా చెప్పింది. కాబట్టి ఒక్క చూపుకే తెచ్చేసుకోకండి. రెండు మూడు సార్లు వెళ్లి కాసేపు దాని దగ్గర ఊరికే కూర్చుని రండి. దీపావళి ముందు వారాల్లో ఇల్లు మార్చొద్దు, టపాసులు అయిపోయాక తెచ్చుకోండి. ఈలోగా మీరు వాడిన తువ్వాలు ఒకటి దాని పడక మీద వేసి రండి. మనిషి కన్నా ముందు మీ వాసన దానికి పరిచయమవుతుంది.